సొరుగుల నిండా రంగులు, కాగితం మీద బురద

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. రెండేళ్లుగా రంగులు కొంటున్నారు. మూడు సొరుగులు నిండాయి, సగం ట్యూబులకు ఇంకా మూత కూడా తీయలేదు. అబ్‌స్ట్రాక్ట్ (ఫలానా వస్తువని పోల్చుకోలేని నైరూప్య చిత్రం) వేద్దామని కూర్చుంటే ప్రతిసారీ పావుగంటలో కాగితమంతా గోధుమరంగు బురదైపోతోంది. విసుగొచ్చి డ్రాయింగ్ టాబ్లెట్ కొన్నారు. అక్కడేమో అండూ (గీసింది వెనక్కి తీసేసే బటన్) నొక్కుతూ గంట గడిచిపోతోంది, చివరికి మిగిలేది ఖాళీ తెర. ఇంకా ఏం కొనాలి, లేకపోతే రంగులు మానేసి పూర్తిగా డిజిటల్‌కి మారిపోవాలా అన్నది మీ సందేహం.

మారిపోనక్కర్లేదు. కొనడం సంగతంటారా, కనీసం మూడు నెలలు ఏమీ కొనకండి. పొదుపు కోసం చెప్పట్లేదు. మీ దగ్గర ఏముందో మీకే ఇంకా తెలీదు కాబట్టి చెప్తున్నాను.

ఇరవై ఏళ్లకు పైగా బొమ్మలు వేస్తున్నాను. అందులో మొదటి నాలుగైదేళ్లు నేనూ అచ్చం మీలాగే ఉండేవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కనిపించిన రంగల్లా కావాలి. నా దగ్గర ఒక కోబాల్ట్ నీలం యాక్రిలిక్ (నీళ్లతో పలచన చేసే, త్వరగా ఆరే రంగు) ట్యూబు ఉండేది, అసలైన కోబాల్ట్‌తో చేసింది. మంచి బొమ్మకి వాడదామని దాచాను. మంచి బొమ్మ రావాలంటే చెయ్యి తిరగాలి, చెయ్యి తిరగాలంటే రంగు ఖర్చవ్వాలి, రంగు ఖర్చు చేయడానికేమో మనసొప్పదు. అలా ఏళ్లు గడిచి ఒకరోజు తీసి నొక్కితే లోపల ముద్ద కదల్లేదు. మూత సరిగ్గా పట్టక లోపలే ఎండిపోయింది. ట్యూబు నిలువునా చీలిస్తే నీలం రబ్బరు కడ్డీ ఒకటి బయటికొచ్చింది. అది ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పెడుతుంటాను.

కాబట్టి మొదటి పని, ఒక ఆదివారం మొత్తం పెట్టుకుని, మీ దగ్గరున్న ప్రతి ట్యూబూ తెరిచి నమూనా కాగితం తయారు చేయండి. మందపాటి కాగితం మీద వాటర్‌ప్రూఫ్ నల్ల మార్కర్‌తో నిలువుగా ఒక లావు గీత గీయండి. ఒక్కో రంగునీ ఆ గీతను దాటేలా అడ్డంగా పట్టీలా పూయండి. ఎడమవైపు ట్యూబులోంచి వచ్చినట్టే చిక్కగా, కుడివైపుకి వెళ్లేకొద్దీ నీళ్లతో పలచగా. చివర్లో అదే రంగులో కాస్త తెలుపు కలిపి ఒక చుక్క. పక్కన ట్యూబు మీదున్న పేరే కాదు, చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కోడ్ కూడా రాయండి. మనలో చాలామంది ఏళ్ల తరబడి చూడని విషయం ఆ కోడే.

పేర్లు దుకాణం కోసం, కోడ్లు మన కోసం. పీబీ 29 అంటే అల్ట్రామెరీన్, పీబీ 15 అంటే థాలో నీలం, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం తెలుపు. ఏ కంపెనీ ఏ కవితాత్మకమైన పేరు పెట్టినా కోడ్ మారదు. మీ కాగితం పూర్తయ్యాక కోడ్లు చూసుకోండి. 'సముద్రం', 'ఆకాశం', 'నెమలి' లాంటి పేర్లున్న నీలాల్లో సగం పీబీ 15కి తెలుపో ఆకుపచ్చో కలిపినవే అయ్యుంటాయి. నేను మొదటిసారి లెక్క చూసుకున్నప్పుడు నా పదకొండు నీలాలు నిజానికి మూడే అని తేలింది. అవమానంగానే అనిపించింది గానీ, ఆ రోజు నుంచి కొనుగోళ్లు వాటంతటవే తగ్గాయి.

అదే కాగితం ఇంకో మూడు సంగతులు చెబుతుంది. నల్లగీత ఏ రంగు కింద మాయమైందో అది అపారదర్శకం, కప్పేసే రంగు. గీత స్పష్టంగా కనిపిస్తుంటే పారదర్శకం. చాలా ట్యూబుల మీద దీనికి చిన్న చతురస్రం గుర్తుంటుంది, నిండుగా ఉంటే కప్పే రంగు, ఖాళీగా ఉంటే పారదర్శకం, సగం ఉంటే మధ్యస్తం. రెండోది, తెలుపు కలిపిన చుక్కలో రంగు ఎంత బలంగా నిలబడిందో చూడండి. థాలో నీలం మిరియపు గింజంత వేసినా తెలుపు మొత్తాన్ని లాగేసుకుంటుంది. మట్టిరంగులు అంత దూకుడుగా ఉండవు. మూడోది మర్నాడు తెలుస్తుంది. యాక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది, ఎందుకంటే తడిగా ఉన్నప్పుడు అందులోని బైండర్ (పొడిని పట్టి ఉంచే జిగురు) పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకమవుతుంది. తడిలో సరిపోయిందనుకున్న రంగు ఆరాక మారిపోయిందని చాలామంది తమ కన్నునే అనుమానిస్తారు. కన్ను తప్పేం లేదు.

'హ్యూ' అని రాసున్న ట్యూబుల గురించి ఒక మాట. 'కాడ్మియం రెడ్ హ్యూ' అంటే అందులో కాడ్మియం లేదు, ఆ రంగుకి దగ్గరగా వచ్చేలా వేరే పిగ్మెంట్లతో చేశారు. అది మోసం కాదు, కొన్నిసార్లు అదే నయం కూడా. అయితే రెండు మూడు పిగ్మెంట్లు కలిపి చేసిన రంగైతే మీరు దాన్ని ఇంకో రంగుతో కలిపినప్పుడు నిజానికి నాలుగైదు కలుపుతున్నట్టు. మీ బురదకు సగం కారణం ఇక్కడే ఉండొచ్చు. ఇక లైట్‌ఫాస్ట్‌నెస్, అంటే వెలుతురికి రంగు ఎంతకాలం తట్టుకుంటుందన్నది. పీఆర్ 83తో చేసే అలిజరిన్ క్రిమ్సన్ ఎంత అందంగా ఉంటుందో అంత త్వరగా వెలిసిపోతుంది. నా ఎర్రటి బొమ్మ ఒకటి కిటికీ ఎదురుగా ఉండి ఉండి, పాత పెళ్లి శుభలేఖలా తయారైంది. ఫ్రేము అంచు కింద దాగిన సన్నటి పట్టీలో మాత్రం అసలు ఎరుపు అలాగే ఉంది. ఆ రంగు కావాలంటే క్వినాక్రిడోన్ పిగ్మెంట్లున్నది చూడండి, పీవీ 19 లాంటివి.

సేకరించడమే తప్పని నేననట్లేదు. చిత్రకారుడు, అధ్యాపకుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో చనిపోయేదాకా చతురస్రాల్లో చతురస్రాలు వేస్తూనే ఉన్నాడు. రంగుల్ని పెద్దగా కలపకుండా ట్యూబులోంచి నేరుగా పాలెట్ నైఫ్‌తో (రంగు కలిపే, పూసే పలచటి చాకు) పూసేవాడు. బొమ్మ వెనకవైపు ఏ చతురస్రానికి ఏ కంపెనీ ఏ రంగు వాడాడో వరసగా రాసిపెట్టేవాడు. ఒకే పేరుతో వేర్వేరు కంపెనీలు అమ్మే రంగులు అతనికి నిజంగానే కావాలి, ఎందుకంటే వాటి మధ్య తేడాయే అతని బొమ్మ. మీ సొరుగులోని పదకొండో నీలానికి కూడా అలాంటి పనేదైనా ఉంటే ఉంచుకోండి.

నమూనా కాగితం అయ్యాక అయిదు ట్యూబులు బల్ల మీద పెట్టుకుని మిగతావి సొరుగులో పెట్టి మూసేయండి. నేనైతే ఇవి తీస్తాను: చల్లటి పసుపు (ఆకుపచ్చ వైపు మొగ్గేది) ఒకటి, పీవై 3 లాంటిది. క్వినాక్రిడోన్ ఎరుపో మెజెంటానో ఒకటి. థాలో నీలం. పీబీఆర్ 7 మట్టిరంగు, అంటే సియెనా గానీ అంబర్ గానీ. టైటానియం తెలుపు, పెద్ద ట్యూబు, ఎందుకంటే ముందు అయిపోయేది ఎప్పుడూ అదే. నలుపు వద్దు. నీలం, మట్టిరంగు కలిస్తే దాదాపు నలుపే వస్తుంది, పైగా దాన్ని వెచ్చగానో చల్లగానో చేసుకోవడం మీ చేతిలో ఉంటుంది. పిండికొద్దీ రొట్టె అన్నది రంగుల విషయంలో నిజమే. స్టూడెంట్ రకంలో పిగ్మెంట్ తక్కువగా, ఫిల్లర్ ఎక్కువగా ఉంటుంది. కానీ ఈ దశలో ఉన్నవాటితోనే కానివ్వండి. కుంచెలు రెండు చాలు, బల్లపరుపుగా వెడల్పుగా ఉండేవి. ఇంకా ఒక పాలెట్ నైఫ్, పనికిరాని ప్లాస్టిక్ కార్డు ఒకటి.

కాగితం మాత్రం ధారాళంగా ఉండాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాగితానికి జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) రెండు పూతలు వేస్తే యాక్రిలిక్‌కి కాన్వాస్ అక్కర్లేదు. ఖరీదైన కాన్వాస్ ముందు కూర్చుంటే చెయ్యి బిగుసుకుపోతుంది, ఇది నాకూ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు అసలు సంగతి, బురద.

పసుపు తడిగా ఉండగానే పక్కన ఊదా వేశారనుకోండి. రెండూ కలిసే అంచు దగ్గర ఏం జరుగుతుందో ఒకసారి మొహం దగ్గరగా పెట్టి చూడండి. కుంచె మొదటిసారి తాకినప్పుడు పసుపులో ఊదా చార ఒకటి కనిపిస్తుంది, బాగుంటుంది. రెండోసారి తాకితే చార మెత్తబడుతుంది. మూడోసారికి అక్కడ పసుపూ లేదు, ఊదా లేదు, తడి మట్టి ఉంది. ఎదురెదురు రంగులు, అంటే పసుపు ఊదా, ఎరుపు ఆకుపచ్చ, నీలం నారింజ, కలిస్తే ఒకదాని వెలుగును ఇంకోటి మింగేస్తుంది. ఒక్కో పిగ్మెంట్ తన వంతు వెలుతురు పీల్చుకుంటుంది, ఎక్కువ పిగ్మెంట్లు కలిస్తే కంటికి తిరిగొచ్చేది తక్కువ. ఇందులో మీ ప్రతిభకు సంబంధించిందేమీ లేదు, భౌతికశాస్త్రమంతే.

మీ బొమ్మ పాడయ్యేది మూడో స్పర్శ దగ్గర. మొదటి చార నచ్చింది, ఇంకొంచెం బాగుచేద్దామని మళ్లీ కుంచె పెట్టారు. యాక్రిలిక్‌లో ఉన్న గొప్ప సుఖమేంటంటే పలచటి పూత పది ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరాక మళ్లీ కరగదు. ఆరనిచ్చి పైన వేస్తే అదే ఊదా అదే పసుపు మీద కలవకుండా కూర్చుంటుంది. పారదర్శకమైన రంగైతే కింది పసుపు అందులోంచి తొంగిచూస్తుంది కూడా. అందుకే రెండు మూడు కాగితాలు ఒకేసారి మొదలుపెట్టండి. ఒకటి ఆరుతుంటే చెయ్యి ఇంకోదాని మీదకి వెళ్తుంది, లేకపోతే ఊరుకోదు. పలచన చేయడానికి నీళ్లు మరీ గుమ్మరించకండి, బైండర్ చెదిరి పొర బలహీనమవుతుంది. బాగా పలచగా కావాలంటే యాక్రిలిక్ మీడియం (రంగుపొడి లేని అదే బైండర్) కలపండి. ఒక మిశ్రమంలో రెండు ట్యూబులు, పైన తెలుపు, అంతకుమించి వద్దు. ఈ ఒక్క నియమంతో సగం బురద పోతుంది.

మిగతా సగం ఉండనివ్వండి. నిజంగా చెప్తున్నాను. బురదరంగు పక్కన లేకపోతే మెరిసే రంగు మెరవదు. పాడైన కాగితం ఒకటి తీసుకుని దాని మీద నాణెమంత శుద్ధమైన నారింజ చుక్క పెట్టి నాలుగడుగులు వెనక్కి రండి. ఆ బురదకు ఎంత పని ఉందో తెలుస్తుంది. ఒకే బూడిదరంగు కాగితంలోంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి పసుపు మీద, ఇంకోటి ముదురు నీలం మీద పెట్టండి. రెండూ ఒకటే రంగంటే ఎవరూ నమ్మరు. ఆల్బర్స్ విద్యార్థులతో చేయించిన అభ్యాసాలు ఈ కోవలోవే. రంగు కాగితాలతో చేయించేవాడు, పెయింటు కలిపే శ్రమ లేకుండా కన్ను పని చేయాలని.

అబ్‌స్ట్రాక్ట్ అంటే ఏదిపడితే అది అనుకుని మొదలుపెట్టినవాళ్లు త్వరగా అలసిపోతారు. చెట్టు వేస్తుంటే చెట్టే చెబుతుంది, కొమ్మ ఇటు వంగిందని. ఇక్కడ చెప్పడానికి ఎవరూ లేరు, ప్రతి గీతా మీరే నిర్ణయించాలి. ముప్ఫై రంగులు ముందు పెట్టుకుంటే ఒక్కో గీతకీ ముప్ఫై ప్రశ్నలు. నా ఉద్దేశంలో మీరు కొంటూ పోవడం, అండూ నొక్కుతూ పోవడం, తడి రంగును కెలుకుతూ పోవడం, మూడూ ఒకటే జబ్బు. నిర్ణయాన్ని వాయిదా వేయడం.

దీనికి నాకు తెలిసిన మందు చిన్న బొమ్మలు, చాలా బొమ్మలు. ఒక కాగితాన్ని మాస్కింగ్ టేపుతో పన్నెండు గళ్లు చేయండి, ఒక్కోటి అరచేయంత. పన్నెండింటికీ ఒకటే నియమం పెట్టుకోండి: రెండు రంగులు, తెలుపు, మూడు ఆకారాలు, అందులో ఒక ఆకారం అంచును తాకాలి. ఒక్కో గడికి అయిదు నిమిషాలు. నాలుగో గడి దాకా మీకు తెలిసినవే వస్తాయి. అయిదో గడి నుంచి ఐడియాలు అయిపోతాయి, విసుగొస్తుంది. ఎనిమిదో గడి దగ్గర మీరు ఎప్పుడూ వేయనిదేదో పడుతుంది, ఎందుకంటే అప్పటికి జాగ్రత్త పోయుంటుంది. టేపు తీసినప్పుడు తెల్లటి అంచులతో పన్నెండు కిటికీల్లా కనిపిస్తాయి. నాకైతే అందులో ఒకటో రెండో పనికొస్తాయి, అదే మంచి రోజు.

వరసగా, ఒకే సమస్యను పట్టుకుని వేయడం పెద్దవాళ్లూ చేసిన పనే. స్వీడన్‌కి చెందిన చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906లో మొదలుపెట్టి 1915 నాటికి ఒకే ప్రాజెక్టు కింద 193 చిత్రాలు వేసింది, అదీ నైరూప్య చిత్రకళ అన్న మాట ఇంకా స్థిరపడకముందు. మన దేశంలో చిత్రకారుడు వాసుదేవ్ గాయతోండే కుంచె పక్కనపెట్టి రోలరు, పాలెట్ నైఫ్ పట్టుకుని, పొర మీద పొర వేస్తూ, తీసేస్తూ ఏళ్ల తరబడి అదే అన్వేషణలో ఉన్నాడు. ఏడాదికి వేసినవి కొద్ది బొమ్మలే. అతని బొమ్మ ముందు నిలబడితే రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పలేం. పనిముట్టు మార్చడం ఎంత పెద్ద మార్పో చూపించడానికి చెప్తున్నాను. మీరు చేయదల్చుకున్న 'ప్రయోగం' కొత్త ట్యూబుతో కాకుండా పాత ట్యూబుని కొత్త పనిముట్టుతో పూయడంతో మొదలవ్వాలి. రోలరు, స్పాంజి, చిరిగిన అట్టముక్క, దారం, ఏదైనా సరే.

పల్చటి రంగును గుడ్డలోకి ఇంకించడం కూడా చేసి చూడండి. అమెరికన్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెంథేలర్ 1952లో ప్రైమర్ (జెస్సో లాంటి ముందుపూత) వేయని కాన్వాస్‌ని నేల మీద పరిచి, టర్పెంటైన్‌తో నీళ్లలా పలచన చేసిన ఆయిల్ రంగు పోసింది. రంగు పైన కూర్చోకుండా నూలులోకి దిగిపోయింది, మరకలా. మీరు మాత్రం యాక్రిలిక్‌తోనే చేయండి. ప్రైమర్ లేని గుడ్డకు నూనె తగిలితే అది కాలక్రమేణా పెళుసెక్కి పాడవుతుంది. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పోలక్ 1947 నుంచి ఇళ్లకు వేసే ఎనామెల్ రంగుల్ని కర్రలతో చిలకరించాడని అందరికీ తెలుసు. అనుకరించబోతే తెలిసేదేంటంటే, అందులో రంగు చిక్కదనం, చేతి ఎత్తు, నడిచే వేగం అన్నీ లెక్కే. చెయ్యి పైకెత్తితే గీత సన్నబడుతుంది, ఆగితే చెరువవుతుంది. పాత వార్తాపత్రికలు పరిచి ఒక గంట ఆడుకోండి, బొమ్మ అవసరం లేదు.

ఎక్కడ ఆపాలి అనేది ఇంకో బాధ. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1913లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో ఒక సంగతి చెప్పాడు. సంధ్యవేళ స్టూడియోకి తిరిగొస్తే గోడకి ఆనించి ఏమిటో పోల్చుకోలేని అద్భుతమైన బొమ్మ కనిపించింది, దగ్గరికెళ్తే తన బొమ్మే, పక్కకి తిప్పి పెట్టుంది. ఆ కథని మీరు పద్ధతిగా వాడుకోవచ్చు. ప్రతి పదిహేను నిమిషాలకీ కాగితాన్ని తొంభై డిగ్రీలు తిప్పండి. నాలుగు వైపులా ఎటు పెట్టినా చూపు ఒకేచోట ఇరుక్కుంటోందంటే ఆ చోటు సరిచేయాలి. వేరే ఏమీ అనిపించకపోతే ఆపేసి రాత్రికి వదిలేయండి. పొద్దున్నే నిద్రమొహంతో చూసినప్పుడు వచ్చే మొదటి అభిప్రాయాన్ని నేను బాగా నమ్ముతాను.

టాబ్లెట్ సంగతికొద్దాం. తెర మీద రంగు వెలుతురు, కాగితం మీద రంగు పొడి. తెర మీద ఎరుపు వెలుగు, ఆకుపచ్చ వెలుగు కలిస్తే పసుపు వస్తుంది, కాగితం మీద అవే కలిపితే మట్టి వస్తుంది. కాబట్టి తెర మీద మీకు బురద సమస్య ఇంతగా ఉండదు. దానికి బదులు ఉండేది అండూ. కుంచెలో తడి ఉన్నంతసేపే గీత కాగితం మీద సాగుతుంది, తెర మీద దేనికీ అంతు లేదు. అందుకని అంతు మీరే పెట్టాలి. ఇరవై నిమిషాలు టైమరు. ఒకే లేయరు (ఒకదాని మీద ఒకటి పరిచే పొర), రెండే బ్రష్‌లు, అండూ బటన్‌కి షార్ట్‌కట్ తీసేయండి. తప్పు గీత పడితే దాని మీద ఇంకో గీత గీసి సర్దుకోవాలి, కాగితం మీద చేసినట్టే. మొదటి రెండు రోజులు చెయ్యి ఆ బటన్ కోసం వెతుక్కుంటుంది. నవ్వొస్తుంది.

వందల బ్రష్‌ల ప్యాకులు డౌన్‌లోడ్ చేసుంటారు, అడగక్కర్లేదు. అదీ సొరుగే. క్రిటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచే వచ్చే బ్రష్‌లలో గట్టి అంచుది ఒకటి, గరుకుది ఒకటి చాలు. స్టైలస్ (తెర మీద గీసే పెన్ను) ఒత్తిడి 8192 స్థాయిలా 2048 స్థాయిలా అన్న చర్చ మనకి అనవసరం, సెట్టింగులలో ప్రెషర్ కర్వ్‌ని (ఎంత నొక్కితే గీత ఎంత పడాలో చెప్పేది) మీ చేతికి తగ్గట్టు మార్చుకుంటే తేడా అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. ఎప్పటికైనా ప్రింటు తీయాలనుంటే మొదట్లోనే కాన్వాస్ సైజు పెద్దది పెట్టండి. ఏ3 కాగితానికి 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర 3508 బై 4961 పిక్సెళ్లు కావాలి. తర్వాత పెంచితే అంచులు మెత్తబడతాయి. తెర మీద కళ్లు చెదిరే నీలాలు, ఆకుపచ్చలు ప్రింటులో కాస్త చప్పబడతాయి, ఇంకుకి అంత వెలుగు లేదు మరి.

లేయర్ల బ్లెండింగ్ మోడ్‌లలో (పై లేయరు కింది దానితో కలిసే తీరులు) 'మల్టిప్లై' ఒక్కటి అర్థం చేసుకోండి. కింది రంగు విలువని పై రంగు విలువతో గుణిస్తుంది, నలుపు సున్నా, తెలుపు ఒకటి. సగం వెలుగున్న దాన్ని సగంతో గుణిస్తే పావు వస్తుంది, అందుకే ఎప్పుడూ ముదురుతుందే తప్ప తేలిక పడదు. పారదర్శకమైన రంగును ఆరిన పొర మీద పూయడానికి ఇది తెర మీది బంధువు.

డిజిటల్ అంటే పెయింటింగ్‌ని అనుకరించడమే అనుకుంటే మాత్రం దాని అసలు బలం వదులుకున్నట్టే. కంప్యూటర్‌తో బొమ్మలు వేసిన తొలితరం కళాకారిణి వేరా మోల్నార్ చేతికి 1968లో కంప్యూటర్ వచ్చింది. అంతకుముందు కొన్నేళ్లు ఆమె 'ఊహాయంత్రం' అని తనకు తానే నియమాలు పెట్టుకుని, యంత్రం చేసినట్టు చేత్తోనే గీసేది. చతురస్రాల వరస గీయి, ఒక్కోదాని మూలల్ని కొంచెం కదుపు, ఇంకొంచెం కదుపు. ఎంత కదిపితే క్రమం చెదురుతుంది, ఎంత కదిపితే ప్రాణం వస్తుంది, ఆమె చూసింది ఇదే. కోడ్ కొంచెం తెలిస్తే, 2001లో కేసీ రీస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ప్రాసెసింగ్ అన్న ఉచిత సాధనంలో ఈ అభ్యాసం ఇరవై లైన్లలో అయిపోతుంది. తెలీకపోతే గళ్ల కాగితం, పాచిక చాలు. పాచిక ఎంత పడితే అన్ని మిల్లీమీటర్లు మూల జరపండి.

నేను టాబ్లెట్‌ని ఎక్కువగా వాడేది మాత్రం సగంలో ఆగిన పెయింటింగ్ కోసం. పెయింటింగ్‌ని నీడపట్టున, పగటి వెలుతురులో, ఫోన్ దానికి సమాంతరంగా పట్టుకుని ఫొటో తీస్తాను, పక్కన ఒక తెల్లకాగితం ముక్క ఉంచి, రంగు సరిచేసుకోవడానికి. టాబ్లెట్‌లో తెరిచి పైన బూడిదరంగుతో నింపిన లేయరు ఒకటి వేసి దాని మోడ్ 'కలర్' అని మారిస్తే బొమ్మ నలుపుతెలుపులోకి మారుతుంది. అప్పుడు తెలుస్తుంది గుట్టు: రంగులు ఇన్ని ఉన్నా వెలుగునీడలు అన్నీ ఒకటే బూడిద. మీ బొమ్మల్లోనూ ఇదే ఉంటుందని నా అనుమానం. బురద అని మీరంటున్నది కొన్నిసార్లు రంగు సమస్య కాదు, ముదురు లేత తేడా లేకపోవడం. దాని మీదే ఇంకో లేయరులో ముదురు ఆకారం ఒకటి అటూ ఇటూ జరిపి చూసి, కుదిరిన చోటు గుర్తుపెట్టుకుని, టాబ్లెట్ మూసి, కుంచె పట్టుకుని ఒక్కసారిగా వేసేస్తాను. కాగితం మీద భయపడి చేయలేని పని తెర మీద ఉత్తినే చేసి చూసుకోవచ్చు. అటు నుంచి ఇటూ వెళ్లొచ్చు. పాడైన కాగితాల్లో మంచి గరుకుదనం ఉన్నవి 600 డీపీఐలో స్కాన్ చేసి ఉంచుకోండి, డిజిటల్ బొమ్మలో అవే మీ సొంత టెక్స్చర్లు. ఫైలు లేయర్లతో సహా ఒకటి దాచండి. జేపెగ్‌ని మళ్లీ మళ్లీ తెరిచి మార్చి సేవ్ చేస్తుంటే నాణ్యత తగ్గుతూ పోతుంది.

సొరుగుల్లో ఆయిల్ రంగులు కూడా ఉన్నాయన్నారు కాబట్టి రెండు జాగ్రత్తలు. ఆయిల్ మీద యాక్రిలిక్ వేయకండి, పట్టదు, ఊడొస్తుంది. యాక్రిలిక్ మీద ఆయిల్ ఫరవాలేదు. లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దచేసి మూల పడేయకండి, నూనె గాలితో చర్య జరిపేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకోగలవు. విడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లున్న మూతగల లోహపు డబ్బాలో వేయండి. యాక్రిలిక్ కుంచె కడిగేముందు గుడ్డతో బాగా తుడవండి, సింకులోకి వెళ్లే రంగు ఎంత తగ్గితే అంత మంచిది.

మీరు చివర్లో ఇంకో మాట రాశారు, బహుమతిగా వచ్చిన పెద్ద రంగుల సెట్టు ఒకటి ఉందని, దాన్ని మాత్రం ముట్టుకోవాలనిపించడం లేదని. ఆదివారం నమూనా కాగితం దానితోనే మొదలుపెట్టండి. ఇన్నాళ్లు పడున్నవి కాబట్టి కొన్ని మూతలు బిగుసుకుపోయుంటాయి. పట్టకారుతో తిప్పకండి, ట్యూబు మెడ దగ్గర చిరుగుతుంది. మూతవైపు వేడినీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, పొడిగుడ్డ చుట్టి తిప్పండి, వచ్చేస్తుంది. రానిది ఏదైనా ఉంటే అడుగు మడత విప్పి అటునుంచి నొక్కండి.